సెల్లారుకు మాట వెళ్లే దారి

తొంభైల చివర్లో నేను హైటెక్ సిటీ దగ్గర ఒక కొత్త ఆఫీసు భవనంలో కంట్రోల్ రూమ్ ఆపరేటరుగా పనిచేశాను. పేరు పెద్దదే గానీ ఉద్యోగం చిన్నది. గ్రౌండ్ ఫ్లోరులో మెట్ల పక్కన కిటికీ లేని ఒక గది. అందులో ఫైర్ అలారం ప్యానెల్, టెలిఫోన్ బోర్డు, వాకీటాకీల బేస్ సెట్టు, ఒక కుర్చీ. కరెంటు పోయినా ప్యానెల్, సెట్టు బ్యాటరీ మీద నడిచేవి. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ నుంచి కంపెనీ వ్యానులో వచ్చేదాన్ని. మా నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన ప్రభుత్వ గుమాస్తా. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసిన కూతురు కంప్యూటర్ ముందు కూర్చుంటుందని ఆయన ఆశ. ఎర్ర బల్బులు, పచ్చ బల్బులు వెలిగే పెట్టె ముందు కూర్చున్నానని తెలిసి కొంచెం చిన్నబుచ్చుకున్నారు. అమ్మ మాత్రం, "ముందు గుమ్మంలోకి వెళ్లింది కదా, మెల్లగా అదే పైకి వెళ్తుంది" అనేది.

భవనం చుట్టూ అప్పటికింకా రాళ్లగుట్టలే. మధ్యాహ్నం పూట ఎక్కడో బండలు పేలుస్తుంటే నా టేబుల్ మీద గ్లాసులో నీళ్లు కదిలేవి. పై అంతస్తుల్లో నా వయసువాళ్లే చల్లటి ఏసీ హాళ్లలో పనిచేసేవాళ్లు. కింద సెల్లారులో నీళ్ల పంపులు, జనరేటరు, కరెంటు గది ఉండేవి. ఆ సెల్లారును చూసుకునే పంపు ఆపరేటర్ ఒకాయన. ఆ పక్కనే ఉన్న రాయదుర్గం ఊరివాడు, యాభై దాటినవాడు. సెల్లారు మీద కాంక్రీటు స్లాబు, దాని నిండా ఇనుప చువ్వలు. కిందికి వాకీటాకీ సిగ్నల్ అసలు అందేది కాదు. అందుకని ఆయన ప్రతి చిన్న విషయానికీ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, నా గది తలుపు దగ్గర నిలబడి ఆయాసపడుతూ చెప్పేవాడు.

"మిద్దె మీది ట్యాంకు నిండింది బిడ్డా. మోటరు బంద్ చేసిన."

"కూర్చోండి బాబాయి గారూ" అంటే నవ్వేవాడు. "బాబాయి గారూ" అని గోదావరీ కృష్ణా వైపు పిలుపు ఆయనకు సినిమాల్లో విన్నట్టుండేదట. "మా దిక్కు గిట్ల పిలవరు బిడ్డా. కానీ మంచిగనే ఉన్నది, పిలువు" అన్నాడు ఒకరోజు.

ఈ ఇబ్బంది తీర్చడానికి యాజమాన్యం ఒక ఇంజనీరుగారిని పిలిపించింది. సైన్యంలో వైర్‌లెస్ విభాగంలో చేసి రిటైరైన మనిషి. విశాఖపట్నం వైపు వారు. సన్నగా, నిటారుగా ఉండేవారు. అందరం సార్ అనే పిలిచేవాళ్లం. ఆయన రెండు రోజులు సెట్టు చేతిలో పట్టుకుని భవనమంతా తిరిగారు. సెల్లారుకు సిగ్నల్ తీసుకెళ్లాలంటే ప్రత్యేకమైన కేబులు వేయాలి, స్లాబుకు కన్నం పెట్టాలి. కట్టడం పూర్తయిన భవనానికి మళ్లీ డ్రిల్లు పెట్టడానికి యాజమాన్యం ఒప్పుకోలేదు. మూడో రోజు సార్ నా గదిలోకి వచ్చి తలెత్తి చూశారు. సీలింగులో గాలి వచ్చే జాలీ ఉంది.

"ఈ డక్టు ఎక్కడికి వెళ్తుందమ్మాయ్?"

"పక్కన గాలి మెషీన్ల గదిలోంచి వస్తుందండి. ఒక పాయ ఇటు, పెద్ద పాయ సెల్లారుకి."

ఆయన ముఖం వెలిగింది. రేకుతో చేసిన ఆ పెద్ద గొట్టం గాలి కోసం వేసింది. అయితే వెడల్పు సరిపోయినంతగా ఉంటే రేడియో తరంగం కూడా లోపల రేకు గోడలకు తగిలి తగిలి ముందుకే పోతుందని, బయటికి పోవడానికి దానికి దారి ఉండదని, జాలీ ఉన్న చోట మాత్రం గదిలోకి చిమ్ముతుందని ఆయన నాకు విడమరిచి చెప్పారు. కాలేజీలో ఈ పాఠం చదివాను. పరీక్షలో రాశాను. తల మీద ఉన్న ఏసీ గొట్టానికీ ఆ పాఠానికీ సంబంధం ఉంటుందని ఎన్నడూ తోచలేదు.

డక్టుకు చిన్న కన్నం చేసి, జానెడు యాంటెన్నా లోపలికి దించి, దాని తీగ నా బేస్ సెట్టుకు కలిపారు. పంపు ఆపరేటర్ చేతికి ఒక సెట్టు ఇచ్చి కిందికి పంపారు. నేను బటన్ నొక్కి, "బాబాయి గారూ, వినపడుతోందా?" అన్నాను. ఒక్క క్షణం బుస్సుమని, తర్వాత ఆ గదిలోనే పక్కన నిలబడి మాట్లాడినంత స్పష్టంగా ఆయన గొంతు వచ్చింది. లావుపాటి, నింపాదైన గొంతు.

"ఇనవడ్తుంది బిడ్డా! మస్తుగ ఇనవడ్తుంది. ఇగ నా మోకాళ్లు బతికినయ్."

సార్ నవ్వారు. వెంటనే నవ్వు ఆపి, ప్యానెల్ మీద ఒక తాళం చూపించి తిప్పమన్నారు. అది డ్యాంపరుది. డక్టు స్లాబును దాటే చోట లోపల ఒక రేకు తలుపు ఉంటుంది. కింద ఎక్కడైనా అగ్ని పుడితే అలారం మోగగానే అది తనంతట తాను మూసుకుంటుంది, పొగ పై అంతస్తులకు పాకకుండా. నేను తాళం తిప్పాను. కింద పెద్దాయన ఏదో చెబుతున్నాడు, మాట మధ్యలో ఆగిపోయింది. మళ్లీ తిప్పితే మళ్లీ వచ్చింది.

"చూశావా? అసలు అవసరమైనప్పుడు ఇది పనిచేయదు" అన్నారు సార్. ఆయన పైవాళ్లతో ఆ మాట చెప్పారు. డక్టుతోపాటు కేబులు కూడా ఉండాలని అడిగారు. తర్వాత చూద్దామన్నారు వాళ్లు. కిందికి మాట అందుతోంది, వాళ్లకు అది చాలు.

ఆ తర్వాత నా రోజులు మారిపోయాయి. కిటికీ లేని గదిలో పొద్దంతా ఒక్కదాన్నే ఉండేదాన్ని కదా, ఇప్పుడు తోడు దొరికినట్టయింది. పెద్దాయన ట్యాంకు నిండిందని, మోటరు వేశానని, జనరేటరులో నూనె పోశారని చెప్పేవాడు. పనిలో పనిగా అన్నం తిన్నావా అని అడిగేవాడు. వాన పడితే, "బయట వానేనా బిడ్డా? ఈడ నాకు ఎండా వానా తెల్వది" అనేవాడు. నాకూ తెలియదని, నా గదికీ కిటికీ లేదని చెప్పాను. "అయితే ఇద్దరం ఒక్కతీరుగనే ఉన్నం" అన్నాడు. అప్పటినుంచి వ్యాను దిగి లోపలికి వచ్చేముందు ఒకసారి ఆకాశం వైపు చూసి, పైన ఎలా ఉందో ఆయనకు చెప్పేదాన్ని.

తొలకరి రోజుల్లో ఒక మధ్యాహ్నం అది జరిగింది. పొద్దుటినుంచి కరెంటు వచ్చిపోతోంది. భోజనాలయ్యాక సెట్టులో ఆయన గొంతు వచ్చింది.

"బిడ్డా, ఏందో కాలిన వాసనొస్తుంది. నేను జర..."

అక్కడితో ఆగిపోయింది. అదే క్షణంలో ప్యానెల్ మీద ఎర్ర బల్బు వెలిగింది, గంట మోగడం మొదలైంది. సెల్లారు కరెంటు గది. తల మీద గాలి చప్పుడు నిలిచిపోయింది. డ్యాంపరు బల్బు పచ్చ నుంచి ఎరుపుకు మారింది.

నేను పిలుస్తూనే ఉన్నాను. బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ లేదు. బయట జనం మెట్లు దిగి వెళ్తున్న అడుగుల చప్పుడు. సెక్యూరిటీ ఇన్‌ఛార్జి తలుపు తోసుకొచ్చాడు.

"ఇంక ఇక్కడేం చేస్తున్నవమ్మా? బయటికి నడువు."

"కింద బాబాయి గారున్నారండి."

ఆయన ముఖం పాలిపోయింది. గార్డులు సెల్లారు మెట్ల తలుపు తెరవబోతే నల్లటి పొగ ముఖాన కొట్టిందని, మూసేశారని చెప్పాడు. ఫైరింజనుకు ఫోన్ వెళ్లింది, అది ఎప్పటికి వస్తుందో తెలియదు. అవతలి వైపు బండ్లు దిగే ర్యాంపు ఉంది గానీ కరెంటు పోయి షట్టరు మూసి ఉంది. ఇద్దరు గార్డులు గొలుసు లాగి దాన్ని ఎత్తుతున్నారు. ఎంత అరిచినా కింద వినపడడం లేదు, ఎందుకంటే మంటలార్పే నీళ్ల కోసం డీజిలు పంపు దానంతట అదే మొదలై హోరెత్తుతోంది.

నాకు ఒక్కటే ఆలోచన. ఆ మనిషి రోజూ వచ్చేది మెట్ల మీదుగానే. చీకట్లో, పొగలో ఆయన కాళ్లు మెట్ల వైపే నడుస్తాయి. ఆ మెట్ల తలుపు కరెంటు గదిని ఆనుకునే ఉంది.

"పైన అందరూ దిగారా అండి?" అని ఇన్‌ఛార్జిని అడిగాను.

ఆయన తన సెట్టులో పై గార్డును అడిగాడు. ఎవరూ లేరని జవాబు వచ్చింది. నేను సీసాలో నీళ్లు చున్నీ మీద పోసుకుని ముక్కుకు కట్టుకున్నాను. డ్యాంపరు తాళం తిప్పాను. ఎరుపు బల్బు పచ్చగా మారింది.

"బాబాయి గారూ! వినపడుతోందా? బాబాయి గారూ!"

ముందు దగ్గు వినపడింది. ఎవరో గొంతులో ఇసుక పోసుకున్నట్టు దగ్గు. తర్వాత, "బిడ్డా..."

"మెట్ల దగ్గరికి రావద్దండి. మంట అక్కడే ఉంది. బండ్లు దిగే దారికి వెళ్లండి. షట్టరు ఎత్తుతున్నారు."

"ఎటున్నదో తెలుస్తలేదు. అంత చీకటున్నది."

టెస్టింగు రోజుల్లో సారుతో ఒకసారి సెల్లారంతా తిరిగాను. అది గుర్తు చేసుకోవడానికి కళ్లు మూసుకున్నాను.

"పంపు హోరు వినపడుతోందా మీకు?"

"గదే ఇనవడ్తుంది."

"దాన్ని వీపు వెనక పెట్టుకోండి. ఎడమ చేత్తో గోడ పట్టుకోండి. బాగా వంగి నడవండి. గోడ వదలొద్దు."

ముందు జాలీలోంచి కాలిన రబ్బరు వాసన దిగింది. తర్వాత సన్నగా నల్లటి పొగ. ఆ పొగ, ఆయన మాట, రెండూ ఒకే గొట్టంలోంచి నా దగ్గరికి వస్తున్నాయి. కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. ఇన్‌ఛార్జి రుమాలు ముక్కుకు పెట్టుకుని నా భుజం పట్టుకున్నాడు.

"మూసెయ్యమ్మా. ఇద్దరం పోతం."

"గోడ దొరికిందేమో అడగనివ్వండి. ఒక్క మాట."

ఆయన నా భుజం వదల్లేదు, కానీ లాగనూ లేదు. నాతోపాటు నిలబడ్డాడు. ఈ మాట ఎప్పుడూ ఎవరికీ చెప్పే సందర్భం రాలేదు గానీ, ఆయన అలా నిలబడ్డం నాకు చాలా పెద్ద సాయం.

సెట్టులో మళ్లీ దగ్గు. "గోడ దొరికింది" అన్నాడు పెద్దాయన. ఆ గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు. కాసేపటికి, "ఎల్గు... కింద సందుల ఎల్గు కనవడ్తుంది."

"అటే వెళ్లండి. అదే షట్టరు" అని చెప్పి తాళం తిప్పేశాను. ఇన్‌ఛార్జి నన్ను దాదాపు ఎత్తుకుని బయటికి తీసుకెళ్లాడు.

మేం ర్యాంపు దగ్గరికి చేరేసరికి సగం లేచిన షట్టరు కిందనుంచి ఇద్దరు గార్డులు ఆయన్ని చంకల కింద పట్టి లాగుతున్నారు. ముఖం మసిబారి కళ్లు మాత్రమే తెల్లగా కనపడ్డాయి. సన్నగా వాన పడుతోంది. ఆయన నోరు తెరిచి ఏదో అనబోయాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

దవాఖానలో చాలా రోజులున్నాడు. డ్యాంపరు మూసుకున్నాక, నేను తాళం తిప్పకముందే ఆయన ఒకసారి మెట్ల వైపు వెళ్లాడట. తలుపు తెరవగానే వేడి పొగ తిన్నగా గొంతులోకి పోయింది. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు డాక్టర్లు. గొంతు మాత్రం రాదన్నారు.

నాకు కొన్ని రోజులు దగ్గితే నల్లటి కఫం పడింది. ఆ సాయంత్రం ఇంట్లో జరిగిందంతా చెబితే అమ్మ ఏడుస్తూ ఆ ఉద్యోగం మానేయమంది. నాన్నగారు మాత్రం, "అతను బతికాడా?" అని అడిగారు. బతికాడన్నాను. "అయితే సరే" అని లేచి వెళ్లి నాకోసం పాలు వేడిచేసి తెచ్చారు. ఆయన పొయ్యి దగ్గర నిలబడ్డం నేను అదే మొదటిసారి చూడ్డం.

ఆఫీసులో విచారణ జరిగింది. గ్రౌండ్ ఫ్లోరులో కంప్యూటర్ల గది దాకా మసి పాకింది, కొన్ని యంత్రాలు పాడయ్యాయి. ఎవరిని అడిగి డ్యాంపరు తెరిచానని అడిగారు. ఎవరినీ అడగలేదని చెప్పాను. సారును కూడా పిలిచారు. ఆయన ఎప్పటిలాగే నిటారుగా కూర్చున్నారు. గొంతు మాత్రం తగ్గించి మాట్లాడారు.

"కేబులు వేసుంటే ఈ అమ్మాయికి ఆ తాళం ముట్టుకోవాల్సిన అవసరమే వచ్చేది కాదు. మంట పుడితే డక్టు మూసుకుపోతుందని నాకు తెలుసు. కేబులు వేయమని ఒకసారి అడిగి ఊరుకున్నాను. వేయకపోతే ఆ యాంటెన్నా తీసేస్తానని చెప్పాల్సింది. చెప్పలేదు."

నన్ను ఏమీ చేయలేదు. మెచ్చుకోనూ లేదు. నెల తిరక్కుండా స్లాబుకు కన్నం పడింది, సెల్లారుకు కేబులు దిగింది. సార్ దగ్గరుండి వేయించారు. వేశాక డ్యాంపరు మూయించి, కొత్తగా వచ్చిన పంపు ఆపరేటర్‌తో మళ్లీ మళ్లీ మాట్లాడించారు. మాట ఆగకుండా వచ్చింది. ఆయన ముఖంలో సంతోషం లేదు. ఆ తర్వాత కూడా సోమవారం సోమవారం సెట్లు చూడడానికి వస్తుండేవారు.

కొన్ని నెలల తర్వాత ఒక శనివారం సాయంత్రం నేను రాయదుర్గం వెళ్లాను. ఊళ్లో అడిగితే ఇల్లు చూపించారు. ముందు రేకుల పంచ, పక్కన బర్రెల కొట్టం. ఆయన పంచలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వాళ్లావిడ నా చేతులు పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు.

"నువ్వేనా బిడ్డా! రోజు నీ ముచ్చటే చెప్తుండె ఇంటికొచ్చి. పొద్దుగాల మొగులు పట్టిందని చెప్పిందట, వానొస్తదని చెప్పిందట."

ఆయన నవ్వి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. మంచం మీద దగ్గరగా కూర్చుని చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను. ఊపిరిలాంటి మాట.

"మొదట నీ మాటలు సమజ్ కాలే బిడ్డా. ఎవరో ఉన్నరని మాత్రం తెలిసింది. గంతే చాలనిపించింది."

నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. తర్వాత మళ్లీ దగ్గరికి రమ్మని సైగ చేశాడు. "సారు ఎట్లున్నడు?"

"బాగా లేరండి. ఎవరితోనూ మాట్లాడడం లేదు."

"రంది పెట్టుకోవద్దని చెప్పు."

లోపలినుంచి చాయ్ తెస్తూ వాళ్లావిడ అంది, "ప్రతి శనివారం హనుమండ్ల గుడికాడ భజనల పాట ఎత్తుకునేది ఈనెనే. ఆ గొంతు ఇనెతందుకు పక్క ఊరోళ్లు సుత వస్తుండిరి. ఇప్పుడు పోయి తాళం కొడ్తడు, అంతే." ఆమె ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పలేదు. చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, ఇంకొంచెం చక్కెర వేయాలా అని అడిగింది. అన్ని నెలలు రోజూ మాట్లాడుకున్నాం, ఆయన పాడతాడని నాకు తెలియదు. నేనెన్నడూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

సోమవారం సారుకు ఆ కబురు చెప్పాను. రంది అనే మాట ఆయనకు తెలియలేదు. దిగులని చెప్పాను. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "శనివారమా భజన?" అని అడిగారు.

ఆ శనివారం ఇద్దరం వెళ్లాం. గుడి ముందు చాప మీద పదిమంది దాకా కూర్చున్నారు. పెద్దాయన సారును చూసి జరిగి తన పక్కన చోటిచ్చాడు. పాట ఎత్తుకుంటున్నది వేరే ఎవరో, నడివయసు మనిషి. మధ్యలో అతను లయ తప్పితే పెద్దాయన తాళం కొంచెం నెమ్మది చేశాడు. అతను సర్దుకున్నాడు. సారుకు ఆ పాటలేవీ రావు. అయినా చేతులు జోడించి చివరిదాకా కూర్చున్నారు. అయ్యాక గుగ్గిళ్లు పెట్టారు. సార్ తన ఆకులో ఒక్క గింజ కూడా వదల్లేదు.

తిరుగు ఆటోలో, "మళ్లీ వచ్చే వారం వద్దామా అమ్మాయ్?" అన్నారు.

"వద్దామండి" అన్నాను.

నేను కొన్నాళ్లు వెళ్లాను. తర్వాత వేరే ఉద్యోగం వచ్చి ఊరికి అవతలి వైపు మారిపోయాను. సార్ మాత్రం చాలా ఏళ్లు శనివారం శనివారం రాయదుర్గం వెళ్తూనే ఉన్నారని విన్నాను.